డైనాలో చివరి చోటు

మా క్యాంపులో డైనా ఎక్కడానికి ఒక వరస ఉండేది. ఎవరూ రాసిపెట్టిన వరస కాదు, ఎవరూ చెప్పిన వరసా కాదు. అయినా ఒక్కరోజు తప్పేది కాదు. డైనా అంటే వెనక పైకప్పు లేని చిన్న లారీ. సిమెంటు బస్తాలు దించేశాక అందులోనే మనుషుల్ని ఎక్కించి సైటుకు తీసుకెళ్ళేవాళ్ళు. డ్రైవరు క్యాబిన్‌కు ఆనుకుని కూర్చుంటే గాలి కొట్టదు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంటుంది. అది మంచి చోటు. వెనక్కి పోయేకొద్దీ చోటు చెడిపోతుంది. అన్నిటికంటే చివర, గొళ్ళెం సరిగ్గా పడని తలుపు పక్కన ఒక చోటు ఉంది చూశారూ, అది అన్నదమ్ములిద్దరిది.

వాళ్ళు సొంత అన్నదమ్ములు కారు, పెదనాన్న చిన్నాన్న కొడుకులు. జగిత్యాల వైపు ఒకే ఊరి నుంచి వచ్చారు. ఆ డైనాలో ఎక్కేవాళ్ళంతా దాదాపు ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, సెంట్రింగు పనివాళ్ళు. ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడ ఉందో డైనాలో వాళ్ళ చోటూ అక్కడే ఉండేది. ఊరి నడిమధ్య ఇళ్ళవాళ్ళు కమ్మీ దగ్గర, మిగతావాళ్ళు మధ్యలో. అన్నదమ్ములది మాదిగవాడ, కనుక తలుపు దగ్గర. విమానంలో కులానికి వేరే లగేజీ చార్జీ లేదు కదా, అందుకని అందరూ పోగొట్టుకోకుండా వెంట తెచ్చుకున్నారు. నేను గుంటూరు వాణ్ణి. నేనెవరినో మా ఇంటిపేరు వింటే ఏ తెలుగువాడైనా చెప్పేస్తాడు. నేను డైనా ఎక్కే పని లేదు. సేఫ్టీ ఆఫీసులో అసిస్టెంటుని కాబట్టి నాకు ఏసీ బండి ఉండేది.

ఇది అరబ్బు దేశంలో, ఖోబర్ ఊరి బయట మాట. రెండువేల నాలుగు చివర, అయిదు మొదట్లో. ఆ ఏడాది ఖోబర్‌లో తుపాకుల గొడవ జరిగాక అమెరికావాళ్ళు చాలామంది పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళలో మా పెద్ద సేఫ్టీ ఆఫీసరు ఒకడు. అరవైకి దగ్గరపడ్డ నల్లజాతి మనిషి. అమెరికాలో దక్షిణాది వాడు. పొడవుగా, మోకాలు నొప్పితో కాస్త ఒరిగి నడిచేవాడు. ఆయన మొదటిరోజు సైటుకు వచ్చినప్పుడు మావాళ్ళలో ఒకడు అందరికీ వినబడేలా అడిగాడు.

"అమెరికోల్లంటే తెల్లగుంటరు గద సారూ, గీయనేంది మనకంటె నల్లగున్నడు?"

అంతా గొల్లున నవ్వారు. వాడేమన్నాడని ఆయన నన్నడిగాడు. మీ టోపీ బాగుందంటున్నాడన్నాను. ఆయన టోపీ తీసి చూసుకుని, ఇరవై ఏళ్ళుగా నాకిలాంటి టోపీలే దొరుకుతున్నాయని నవ్వాడు. ఆయనకు తెలుగు రాకపోయినా ఆ నవ్వు ఎలాంటిదో తెలుసని నాకు అప్పుడే అనిపించింది.

పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు టూల్‌బాక్స్ టాక్ అని ఒకటుంటుంది. అందర్నీ ఒకచోట నిలబెట్టి, బెల్టు కట్టుకోండి, మేకుల మీద కాలు వేయకండి అని పది నిమిషాలు చెప్పడం. ఆయన ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. రోజూ అవే మేకులు, అదే బెల్టు. వినేవాళ్ళకు విసుగు, చెప్పే నాకు అంతకంటే విసుగు. అలాంటి ఒకరోజు గుంపులోంచి ఎవరో, మీ దేశంలో నల్లోల్లను బానిసలుగా అమ్మిండ్రట గద, నిజమేనా అని అడగమన్నాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకా అయిదు నిమిషాలున్నాయి, చెబుతానన్నాడు.

అలా మొదలైంది. బానిసత్వం గురించి ఆ ఒక్కరోజే చెప్పాడు. తరువాత రోజుల్లో చెప్పిందంతా ఆయన కళ్ళతో చూసిన కాలం. బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్ళకు, వెనక సీట్లు నల్లవాళ్ళకు. ముందు డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపులోంచి మళ్ళీ ఎక్కాలి. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఒక సాయంత్రం తెల్లవాడి కోసం సీటు వదలనంది. ఆమెను పోలీసులు తీసుకెళ్ళారు. అప్పుడు ఆ ఊరి నల్లవాళ్ళకు ఒక కుర్ర పాస్టరు నాయకుడయ్యాడు. ఆయన మాట్లాడుతుంటే చర్చి లోపల చోటు లేక జనం వీధిలో నిలబడి వినేవారట. మా ఆఫీసరు పెద్దాయనది ఆ ఊరే, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కిటికీ బయట నిలబడి విన్నాడు. మాటలేవీ గుర్తులేవు, అమ్మ తన చేతిని గట్టిగా పిసకడం మాత్రం గుర్తుంది అన్నాడు.

ఇంకో నాయకుడి గురించి చెప్పినప్పుడు మావాళ్ళు మరీ చెవులు రిక్కించారు, ఎందుకంటే ఆయన ఈ దేశానికే వచ్చాడు. ఆ నాయకుడికి కోపం ఎక్కువ, తెల్లవాళ్ళంటే మంట. ముస్లిం మతం తీసుకుని మక్కాకు హజ్ చేయడానికి వచ్చాడు. అక్కడ తెల్లవాడూ నల్లవాడూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తినడం చూసి, తెల్లవాళ్ళందరూ చెడ్డవాళ్ళే అనే మాట వదులుకున్నాడట.

"మరి గాయన ఏమైండు సారూ?"

ఇంటికి వెళ్ళాక ఏడాది తిరక్కుండా కాల్చి చంపారు.

"పాస్టరు?"

ఆయన్నీ కాల్చి చంపారు, ఇంకో మూడేళ్ళకు.

 గుంపులో చివర నిలబడ్డ తమ్ముడు, అన్నదమ్ముల్లో చిన్నవాడు, అడిగాడు. "మరి గా బస్సుల లేవనన్న ఆమె?"

ఆమె బతికే ఉంది, బాగా ముసలిదైంది అని చెప్పాను. "ఆమెన్న బతికింది, మంచిగైంది," అన్నాడు తమ్ముడు. అందరూ తమ ఇంటి మనిషికి జ్వరం తగ్గినట్టు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నాకు నిజంగా ముచ్చటేసింది. ఆ తరువాత అందరూ యథాప్రకారం డైనా ఎక్కి, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని, పై బ్లాకుకు వెళ్ళిపోయారు.

ఒకే పళ్ళెం సంగతి విన్నప్పుడు నేను అన్నదమ్ముల వైపు చూశాను. ఎందుకంటే క్యాంపులో వాళ్ళు తినేది అలాగే. సెంట్రింగు వాళ్ళు నలుగురైదుగురు కలిసి వంట చేసుకునేవాళ్ళు, ఆ గుంపులూ డైనా వరసలాగే. అన్నదమ్ముల్ని ఏ గుంపూ పిలవలేదు, వాళ్ళూ అడగలేదు. డైనా నడిపే డ్రైవరు నిజామాబాదు ముస్లిం. అతనే వాళ్ళను తన గదికి పిలిచి, పెద్ద పళ్ళెంలో అన్నం పోసి మధ్యలో కూర వేసేవాడు. ముగ్గురూ మూడు వైపుల నుంచి తినేవాళ్ళు. కారం చాలదని అన్న రోజూ గొణిగేవాడు, రోజూ ఆఖరున లేచేవాడూ అతనే.

జనవరిలో ఒక పొద్దున, మంచు కాస్త పట్టి ఉంది. రోడ్డు మలుపులో ఒంటెల్ని తీసుకెళ్ళే లారీ ఒకటి అడ్డం వచ్చిందట. డ్రైవరు బ్రేకు వేశాడు. తలుపు గొళ్ళెం ఊడింది. అన్న రోడ్డు మీద పడ్డాడు. వెనక వస్తున్న ట్రైలరు ఆగలేకపోయింది. తమ్ముడు అన్న చొక్కా పట్టుకున్నాడట, చొక్కా గుండీలు చేతికి వచ్చాయి. కమ్మీ దగ్గర కూర్చున్నవాళ్ళకు గీతైనా పడలేదు.

డ్రైవరును పోలీసులు జైల్లో పెట్టారు. గొళ్ళెం బాగుచేయించమని అతను ఎన్నిసార్లు అడిగాడో క్యాంపంతా తెలుసు, కానీ స్టీరింగు పట్టుకున్నవాడే దొరుకుతాడు ఎప్పుడైనా. అన్న శవం మార్చురీకి వెళ్ళింది. శవం ఇంటికి పోవాలంటే పోలీసు కాగితం, కంపెనీ కాగితం, ఎంబసీ కాగితం అన్నీ కావాలి. బతికున్నవాడికి దేశం వదిలి పోయే ఎగ్జిట్ ముద్ర కొట్టడం కంటే చచ్చినవాడికి కొట్టించడం కష్టం ఈ దేశంలో. తమ్ముడు డ్రైవరు గదిలో ఆ పెద్ద పళ్ళెం ముందు ఒక్కడే కూర్చుని ఉండటం నేను చూశాను. అన్నం వడ్డించుకుని ఉన్నాడు, తినడం లేదు. పలకరించకుండా వచ్చేశాను.

మర్నాడు టూల్‌బాక్స్ టాక్‌లో పెద్దాయన బెల్టు మాట ఎత్తలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. గొళ్ళెం పాడైందని అందరికీ తెలుసు కదా, మరి అతను రోజూ ఆ తలుపు దగ్గరే ఎందుకు కూర్చునేవాడు?

నేను తెలుగులో అడిగాను.  ఒకడు హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు. ఒకడు, అతనికి గాలి తగిలే చోటు ఇష్టం అన్నాడు. జనవరి చలిలో! నాకు ఒళ్ళు మండింది. ఆ మాట తర్జుమా చేయను పో అనుకున్నాను, కానీ చేశాను, జీతం దానికే కదా.  గుంపు వెళ్ళిపోయాక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, నువ్వు చెప్పు అన్నాడు. చెప్పాను. డైనా వరస, వంట గుంపులు, ఊళ్ళో ఇళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో అన్నీ. ఆయన చాలాసేపు విన్నాడు. రంగులో తేడా ఏమీ లేదే, ఎలా గుర్తుపడతారు అని అడిగాడు. ఊరు అడుగుతారు, తండ్రి పేరు అడుగుతారు, అంతే అన్నాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ మర్నాడు కొత్త డ్రైవరు గొళ్ళెం బాగుచేయించని అదే డైనా తెచ్చాడు, తమ్ముడు ఎక్కలేదు. నడిచి వచ్చాడు. క్యాంపు నుంచి సైటుకు గంట పైనే నడక, పక్కన హైవే, ఎదురుగా ఇసక గాలి. పెద్దాయనా నేనూ బండిలో వస్తూ చూసి ఆపాం. ఎక్కమంటే ఎక్కలేదు.

"గా తలుపు కాడ కూసోను సారూ," అన్నాడు. "ముందలికి పోతె జరగరు. మా అన్న గాడ్నే కూసున్నడు, గాడ్నే సచ్చిండు. నేను నడుస్త. బస్సు వెట్టమనున్రి. బస్సత్తె ముందల సీట్ల కూసుంట. గంతే, ఇంకేం అడుగ."

అతను అడిగింది అదొక్కటే. అన్నకు డబ్బులిమ్మని అడగలేదు, డ్రైవరును విడిపించమని అడగలేదు. ముందు సీటు. నేను తర్జుమా చేశాక పెద్దాయన కిటికీ లోంచి రోడ్డునే చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజు టాక్‌లో ఆయన వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. బట్టలు కుట్టే ఆవిడను అరెస్టు చేశాక ఆ ఊరి నల్లవాళ్ళు బస్సెక్కడం మానేశారు. ఏడాది పైగా నడిచారు. పాస్టరు ఇంటి మీద బాంబు వేశారు, అయినా నడిచారు. వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పాచిపని చేసేది. పొద్దున చీకటితో నడిచి వెళ్ళి, సాయంత్రం నడిచి వచ్చి, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. ఆఖరుకు బస్సే దిగొచ్చింది, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చని కోర్టు చెప్పింది.

నేను ఆ కథ బాగా చెప్పాను. నాకు తెలుసు, బాగా చెప్పాను. ఎందుకంటే మర్నాడు డైనా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కకుండా నిలబడ్డారు. వాళ్ళకూ భయం పట్టుకుంది, తలుపు దగ్గర చోటు ఖాళీ అయింది కదా, ఇప్పుడు అక్కడ ఎవరు కూర్చోవాలి? అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేవాడెవడు! కాసేపు గుసగుసలాడుకుని, హెల్మెట్లు చేతికి తగిలించుకుని, అందరూ తమ్ముడి వెనక నడక మొదలుపెట్టారు.

ఈ దేశంలో సమ్మె అన్న మాట నోట రానివ్వకూడదు. అది సమ్మె కాదు మరి. పని మానలేదు, ఆలస్యంగా వస్తున్నారు, అంతే. పోలీసు బండి ఒకటి ఆపి అడిగింది. మావాళ్ళలో అరబ్బీ వచ్చినవాడు, పనికి పోతున్నాం, నడవడం మంచిదని డాక్టరు చెప్పాడన్నాడు. పోలీసువాడు నవ్వి వెళ్ళిపోయాడు. ప్రాజెక్టు మేనేజరు నవ్వలేదు. పెద్దాయన్ను పిలిచి, మీ మాట వింటారు, డైనా ఎక్కమని చెప్పండి అన్నాడు. సేఫ్టీ ఆఫీసరు పాడైన బండి ఎక్కమని మనుషులకు చెప్పకూడదు, ఆ రూలు మీరే నా చేత సంతకం పెట్టించుకున్నారు అన్నాడు ఈయన. నాకు ఆయన్ని భుజం మీద ఎక్కించుకుని ఊరేగించాలనిపించింది.

ఆ నడక రోజులు నాకు ఇష్టమైన రోజులు. చలికాలం కాబట్టి సరిపోయింది. డైనాలో ఉన్న వరస రోడ్డు మీద లేదు. అలసినవాడు వెనక, ఊపున్నవాడు ముందు. కమ్మీ దగ్గర కూర్చునే పెద్దమనిషి ఒకడు తమ్ముడి పక్కనే నడుస్తూ, మీ అన్న మంచోడురా, ఒక్కనాడు ఎవల్ని ఒక మాట అనలె అనడం నేను విన్నాను. తమ్ముడు తన సీసాలో నీళ్ళిస్తే ఆయన తాగాడు కూడా. సీసా నోటికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగాడు. మనవాళ్ళందరూ అలాగే తాగుతారు కదా అని నేను దాన్ని పట్టించుకోలేదు.

పని ఇచ్చిన పెద్ద కంపెనీవాళ్ళు హైవే మీద ఈ ఊరేగింపు చూసి, ఇదేమిటని మా కంపెనీవాళ్ళను నిలదీశారు. అంతే, బస్సు వచ్చింది. ఏదో బడి వదిలేసిన పాత పసుపుపచ్చ బస్సు. సీట్లు చిరిగాయి, కానీ పైకప్పు ఉంది, గొళ్ళెం పడే తలుపు ఉంది, రెండు వైపులా ఇద్దరిద్దరు కూర్చునే సీట్లున్నాయి. క్యాంపులో ఆ సాయంత్రం ఎవరో మిఠాయి పంచారు.

బస్సు మొదలయ్యే పొద్దున పెద్దాయన చూడాలని వచ్చాడు, నన్నూ తీసుకొచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తమ్ముడూ ఉతికిన చొక్కాతోనే వచ్చాడు. వరసలో అందరికంటే ముందు అతనే. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. అతను మెట్లెక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బయటికి చూశాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

తరువాత మిగతావాళ్ళు ఎక్కారు. ఒక్కొక్కడే మొదటి సీటు దాటుకుని లోపలికి వెళ్ళాడు. బస్సు వెనక నుంచి నిండుతూ వచ్చింది. ఇన్నాళ్ళూ ముందు చోటు కోసం పుట్టినట్టున్న మనుషులు వెనక సీట్ల కోసం తోసుకున్నారు. పెద్దాయన మొదట నవ్వాడు. వీళ్ళకు ముందు కూర్చోవడం మొహమాటంలా ఉంది అన్నాడు.  సీట్లన్నీ నిండాయి. ఎక్కాల్సినవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళూ ఎక్కి, పైన రాడ్డు పట్టుకుని నిలబడ్డారు. తమ్ముడి పక్క సీటు ఖాళీగా ఉంది. నీళ్ళు తాగిన పెద్దమనిషి కూడా నిలబడ్డాడు. ఆయన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. కంపెనీ ఇచ్చింది, మనవాళ్ళు ఇవ్వలేదు. ఎందుకు నిలబడ్డారని పెద్దాయన నన్ను అడగలేదు. ఖాళీ సీటు వైపు, నిలబడ్డవాళ్ళ వైపు చూశాడంతే. ఆ చూపు ఆయనకు కొత్త కాదు, చిన్నప్పుడు నేర్చుకున్నదే. నేను మెట్లెక్కి ఆ సీట్లో కూర్చోబోయాను. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు, కోపంగా కాదు.

"మీరు ఇయ్యాల కూసుంటరు సారూ. రేపటి సంది మీ బండి మీకుంటది. వద్దు, ఇడిసిపెట్టున్రి."

పెద్దాయన కుంటుతూ మెట్ల మీదికి వచ్చి, నేను చెప్పేది చెప్పు అన్నాడు. "మా అమ్మ మళ్ళీ బస్సెక్కిన మొదటిరోజు ముందు సీట్లోనే కూర్చుంది. ఆమె పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు. చాలాకాలం కూర్చోలేదు. ఆమె ఆ ఖాళీ సీట్లో తన సంచి పెట్టుకునేది. కానీ సీటు మాత్రం వదల్లేదు. నువ్వూ వదలకు."

నేను చెప్పాను. తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. తరువాత ఒక్క మాట అడగమన్నాడు.

"ఆమె పక్కకు కూసోనోల్లు తెల్లోల్లు గద సారూ? మరి ఆమెతోటి ఏడాది నడిచినోల్లు? గాల్లన్న ఆమె పక్కకు కూసున్నరా, లేదా? అడుగున్రి."

బస్సంతా వింటోంది. నేను ఇంగ్లీషులో అడిగాను. పెద్దాయన నిలబడ్డవాళ్ళను ఒకసారి చూసి, తమ్ముడి వైపు తిరిగాడు. కూర్చోలేదని అబద్ధం చెబుతాడేమో, చెబితే బాగుండునేమో అని కూడా అనుకున్నాను.

"కూర్చున్నారు," అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

"కూర్చున్నారట," అన్నాను నేను.

తమ్ముడు సరేనన్నట్టు తలూపాడు. నెత్తి మీది హెల్మెట్ తీసి పక్క సీట్లో పెట్టుకుని, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కొత్త డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు. మేము దిగాం. నిలబడ్డవాళ్ళలో ఒక్కడు కూడా ఆ హెల్మెట్ తీయమని అడగలేదు.